ఏవిస్ గారి ఈత ముహూర్తం

కార్బీన్ జలపాతం క్యాంపు,
తొమ్మిదో నంబరు గుడారం,
1988 జూలై 20.

రేంజరు గారికి, తొమ్మిదో నంబరు గుడారం నుంచి ఏవిస్ పెంగెల్లీ కోపంగా రాస్తున్న ఉత్తరం.

నిన్న సాయంత్రం మీరు స్వయంగా మా గుడారం దగ్గరికొచ్చి, టోపీ తీసి మరీ "రేపు పొద్దున మడుగు తెరుస్తున్నామండీ" అన్నారు. మేమంతా సంబరపడ్డాం. ఇవాళ ఎనిమిదింటికి మా అబ్బాయి రాస్, కోడలు మెరిల్, మనవరాలు టెగన్, నేను, నలుగురం భుజాన తువ్వాళ్ళు వేసుకుని వెళితే దారికి అడ్డంగా తాడు, తాడుకి ఒక బోర్డు. మడుగు మూసేశారట. మొసలట! మా ఊరు మౌంట్ ఐసా నుంచి పదమూడు వందల కిలోమీటర్లు ఎర్ర దుమ్ము తింటూ వచ్చాం మేము. ఆ దుమ్ము ఇంకా నా చెవుల్లోనే ఉంది.

మాకు ఈ మడుగు ఎందుకు కావాలో మీకు తెలియాలి. మా ఆయన ఆల్ఫ్ పెళ్ళినాటికి పైన్ క్రీక్ గనిలో పనిచేసేవాడు. 1938 ఆగస్టు 14న మా పెళ్ళయింది. ఆ మర్నాడే నన్ను ఇక్కడికి తీసుకొచ్చి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదాడు. నేను ఆయన ప్యాంటు పట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. అప్పటినుంచి ఏటేటా ఇదే తంతు. ఆయన ఈదడం, నేను కూర్చోవడం. మధ్యలోకి వెళ్ళి "రా ఏవిస్, ఏం కాదు!" అని పిలిచేవాడు. నాకు ఈత రాదు, నీళ్ళంటే భయం. రెండేళ్ళ కిందట ఆస్పత్రిలో ఆయన చెయ్యి పట్టుకుని మాటిచ్చాను, మన పెళ్ళికి యాభై ఏళ్ళు నిండిన రోజున ఆ మడుగు నేను ఈదుతానని. వారానికి ఆయన పోయాడు. ఆ నెల నుంచే ప్రతి గురువారం మా ఊరి ఈత కొలనుకి వెళుతున్నాను. నాకిప్పుడు డెబ్బై నాలుగు. ఆగస్టు 14 ఇంకెంతో దూరం లేదు.

రాస్ నా పక్కనే నిలబడి చెబుతున్నాడు: "థర్మోకోల్ బెండు మీద నాలుగు చిల్లులు చూసి మడుగు మూసేస్తారా? నా టోపీకి అంతకంటే ఎక్కువ చిల్లులున్నాయ్! రాయమ్మా, ఇదీ రాయి. గట్టిగా రాయి."

గట్టిగానే రాశాను. వెంటనే జవాబు ఇవ్వవలసింది.

ఇట్లు,
ఏవిస్ పెంగెల్లీ

తా.క.: వీళ్ళంతా గిన్నెలు కడగడానికి వెళ్ళారు కాబట్టి ఈ ముక్క విడిగా రాస్తున్నాను. నిజానికి మాకేం తొందర లేదండీ. మొసలంటే మొసలే. మీరు నిదానంగా చూసుకోండి.

*

రేంజరు కార్యాలయం, కార్బీన్ జలపాతం,
1988 జూలై 21.

గౌరవనీయులైన శ్రీమతి పెంగెల్లీ గారికి, రేంజరు క్లెమ్ హ్యాలరన్ క్షమాపణలతో రాయునది.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కళ్ళద్దాలు తుడుచుకోవలసి వచ్చింది.

మా పద్ధతి చెబుతాను. మడుగులో ఎర్ర బెండ్లు తాళ్ళతో కట్టి వదులుతాం. వరదలకి ఏరు వెంట ఇక్కడిదాకా వచ్చే ఉప్పునీటి మొసలికి ఒక గుణం ఉంది. కొత్త వస్తువు తేలుతూ కనిపిస్తే కొరక్కుండా ఉండలేదు. రోజూ పొద్దున బెండు లాగి చూస్తాం. పంటి గాటు లేకపోతే నీళ్ళు మంచివి. ఒక్క గాటు ఉన్నా మడుగు మూతే. మళ్ళీ రెండు వారాలు ఒక్క గాటూ పడకపోతేనే తెరవాలి. ఎంత చిన్న గాటు, ఎవరి గాటు అని రూలు అడగదు.

నిన్న పొద్దున బెండు మీద నాలుగు గాట్లు కనిపించాయి. జంటలు జంటలుగా, అన్నీ సమాన దూరంలో. ఇంత క్రమశిక్షణ గల పళ్ళు పుస్తకంలో కూడా కనిపించలేదు. నేను మార్చిలోనే టాస్మేనియా నుంచి వచ్చాను. అక్కడ మొసళ్ళు ఉండవు కాబట్టి పుస్తకమే నాకు దిక్కు. మా పై అధికారి డల్సీ గారు సెలవులో ఉన్నారు. ఇక్కడి ఆదివాసీ ఆవిడ, ఈ నేల తరతరాలుగా వాళ్ళవాళ్ళది. ఆవిడ ఉంటే ఒక్క చూపుతో చెప్పేసేవారు.

మీరు బెంగపడకండి. అడ్డొచ్చినదాన్నల్లా తప్పించి, ఆగస్టు 14న మీరు ఈదేలా చూసే పూచీ నాది. మాట ఇస్తున్నాను.

మీ సేవలో,
క్లెమ్ హ్యాలరన్

తా.క.: మీ అబ్బాయి గారు ఇవాళ మా కార్యాలయం కిటికీలోంచి టోపీ పెట్టి చిల్లులు లెక్కపెట్టి చూపించారు. పదిహేడు. ఒప్పుకుంటున్నాను. ఇంకోసారి చూపించనవసరం లేదని చెప్పగలరు.

*

క్యాథరిన్ గార్జ్ క్యాంపు,
జూలై 27.

రేంజరు గారికి, ఏవిస్ పెంగెల్లీ ఆశీస్సులు.

మీరు మాటిచ్చారని చదివి వినిపించగానే మావాళ్ళు గంతులేశారు. మడుగు తెరిచేదాకా ఊరికే కూర్చోవడమెందుకని రాస్ మమ్మల్ని చుట్టుపక్కల పార్కులన్నీ తిప్పుతున్నాడు, ఇక్కడి తర్వాత కాకడూ అట. ఇక్కడ చీమలు పచ్చగా ఉన్నాయి, గబ్బిలాలు నల్లగా ఉన్నాయి, మరుగుదొడ్లో కప్పలు తెల్లగా ఉన్నాయి. మెరిల్ కప్పని చూసి అరిచిన అరుపుకి పక్క గుడారంలో ఆయన టీ ఒలకబోసుకున్నాడు.

రాస్ నాకు రోజూ సాధన చేయిస్తున్నాడు. ఇక్కడ నీళ్ళు లోతట, నాలుగు కాళ్ళ మడత బల్ల మీదే పడుకోబెట్టి చేతులు ఆడించమంటాడు. "భుజం, అమ్మా! భుజం నుంచి రావాలి! రెండేళ్ళు నేర్చుకున్నావ్, కోడి రెక్కలు కొట్టుకున్నట్టు ఏంటది?" అని కేకలు. నిన్న బల్ల విరిగింది. క్యాంపంతా చుట్టూ చేరి చప్పట్లు కొట్టింది. అందులో పెర్త్ నుంచి వచ్చిన ముసలి దంపతులు "పద్నాలుగో తేదీకి మేమూ వస్తాం, ఇలాంటిది చూడకుండా చచ్చిపోకూడదు" అన్నారు. టెగన్ బడికి రాయవలసిన వ్యాసానికి 'మా నానమ్మ ఈత' అని పేరు పెట్టేసింది. ఆఖరి పేజీ ఒక్కటి ఖాళీ ఉంచుకుంది.

మీ కృషికి మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు.

ఇట్లు,
ఏవిస్ పెంగెల్లీ

తా.క.: మీరు పుస్తకం చూసి పని చేస్తారన్నారు. మంచి అలవాటు. పుస్తకంలో రెండు వారాలని ఉంటే మూడు వారాలు ఆగడం ఇంకా మంచిది కదా. నేనేమీ అనుకోను.

*

రేంజరు కార్యాలయం, కార్బీన్ జలపాతం,
ఆగస్టు 1.

పూజ్యులు ఏవిస్ అమ్మగారికి, క్లెమ్ ఆనందంతో రాస్తున్న ఉత్తరం.

శుభవార్త! మీరు వెళ్ళిన రోజు నుంచి బెండ్ల మీద ఒక్క గీత కూడా లేదు. గుడ్డుపెంకులా నున్నగా ఉన్నాయి. మీరు చెప్పినట్టే జాగ్రత్త కోసం రెండు రోజులు అదనంగా ఆగి, 6వ తేదీ పొద్దున మడుగు తెరుస్తున్నాను. కాకడూ నుంచి మీరు 5వ తేదీకల్లా వచ్చేస్తే వారం రోజులు నీళ్ళలోనే సాధన చేసుకోవచ్చు. బల్ల అక్కర్లేదు.

మీ సంగతి మా పెద్దాఫీసుకి కూడా రాశాను. వాళ్ళ మాసపత్రికలో వేస్తారట. ఫొటో తీసే మనిషిని పంపుతామన్నారు.

మీ సేవలో,
క్లెమ్

తా.క.: డల్సీ గారు సెలవు నుంచి వచ్చారు. మీ ఉత్తరాలు చదివి వినిపించి, గాట్లు పడ్డ పాత బెండు చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశారు, వాసన చూశారు, తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. కుర్చీలో కూర్చుని మరీ నవ్వారు. "ఏం మొసలండీ?" అంటే "ఆడది. డెబ్బై దాటింది" అన్నారు. పుస్తకం చూశాను. డెబ్బై దాటిన మొసలి అయిదు మీటర్లకి తక్కువ ఉండదట! వెంటనే డార్విన్ నుంచి పెద్ద బోను తెప్పించాను. డల్సీ గారు మాత్రం "బోనెందుకు బాబూ, తెరువు. అది ఎవర్నీ కరవదు" అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్ళకి భయం ఉండదు కాబోలు.

*

కాకడూ, జిమ్ జిమ్ దారిలో,
ఆగస్టు 3.

రేంజరు గారికి, ఏవిస్ పెంగెల్లీ.

మీ ఉత్తరం దారి పక్క హోటలు రోడ్‌హౌస్‌లో అందింది. రాస్ బల్ల ఎక్కి అందరికీ చదివి వినిపించాడు. మెరిల్ కేకు మీద యాభై అని ఏ రంగులో రాయాలో ఆలోచిస్తోంది. 5న వస్తున్నాం.

ఇట్లు,
ఏవిస్ పెంగెల్లీ

తా.క.: నిన్న ఇక్కడ పడవలో తిప్పారు. బురదలో ఒక మొసలి కనిపించింది. రెండు గంటలు కదల్లేదు, రెప్ప వెయ్యలేదు. టెగన్ బొమ్మేమో అనుకుంది. పడవతను "ఇవి నెలల తరబడి తినకుండా, కదలకుండా ఉండగలవు" అన్నాడు. మీ మొసలి కూడా బెండు కొరకలేదంటే వెళ్ళిపోయిందనే అనుకోనవసరం లేదు కదా? ఊరికే గుర్తొచ్చి రాస్తున్నాను.

ఇంకో తా.క.: మాసపత్రిక ఎంతమంది చదువుతారు?

*

రేంజరు కార్యాలయం,
ఆగస్టు 6, ఉదయం తొమ్మిది.
(తొమ్మిదో గుడారానికి చేతికి ఇవ్వవలసినది)

ఏవిస్ అమ్మగారికి, క్లెమ్ తల దించుకుని రాస్తున్నాడు.

అమ్మా, ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇవాళ పొద్దున బెండు లాగితే పది గాట్లు. పది! కసితో కొరికినట్టున్నాయి. మడుగు మళ్ళీ మూశాను.

అయితే ఈసారి ఒక ఆధారం దొరికింది. బెండుకి ఉల్లిపాయల వాసన వస్తోంది, వేయించిన ఉల్లిపాయలు. అంటే ఈ మొసలి క్యాంపులో వంటలు మరిగింది. అడవి పంది మాంసం ఎర పెడితే బోను వైపు ఎందుకు చూడలేదో ఇప్పుడు అర్థమైంది. అందుకని రెండు నిర్ణయాలు తీసుకున్నాను. ఒకటి, క్యాంపులో నేటి నుంచి బార్బెక్యూ పొయ్యిలు వెలిగించరాదు. రెండు, బోనులో పంది మాంసం తీసేసి సాసేజీలు, ఉల్లిపాయలు పెడుతున్నాం.

ఇంకో విషయం. లెక్క చూశాను. గాట్లు పడ్డ రెండు రోజులూ మీరు క్యాంపులో ఉన్నారు. మీరు లేని రోజుల్లో ఒక్కటీ లేదు. అంటే అది మీ గుడారం సాసేజీలకే వస్తోంది! మీకు అభ్యంతరం లేకపోతే, మీరు వండే రకమే ఒక రెండు కిలోలు ఇప్పించగలరా?

మీ ఋణం తీర్చుకోలేని,
క్లెమ్

తా.క.: డల్సీ గారిని మళ్ళీ అడిగాను. "నన్నెందుకు అడుగుతావ్? ఆ మొసలి సంగతి తొమ్మిదో గుడారంలో అమ్మని అడుగు, ఆవిడకి బాగా తెలుసు" అన్నారు. మీకు మొసళ్ళతో పూర్వానుభవం ఉన్నట్టు ఒక్క ఉత్తరంలోనూ రాయలేదే! ఎంత నిగర్వులమ్మా మీరు.

*

లిచ్‌ఫీల్డ్ క్యాంపు,
ఆగస్టు 8.

క్లెమ్ గారికి, ఏవిస్ పెంగెల్లీ.

పొయ్యిలు ఆర్పించారని కార్బీన్ క్యాంపంతా మా మీద పడింది. పెర్త్ దంపతులు మూడు పూటలు చల్లటి డబ్బా చిక్కుడు గింజలు తిన్నారట. ఆ పెద్దాయన మా గుడారం ముందు నిలబడి "మీ మొసలి వల్ల నా కడుపు పాడైంది" అన్నాడు. మా మొసలట! రాస్ ఊరుకుంటాడా? "మాదైతే గొలుసు కట్టి తిప్పుకునేవాళ్ళం కదండీ" అని వాడూ అందుకున్నాడు. మెరిల్ ఇద్దరికీ చెరో లామింగ్టన్ కేకు ముక్క ఇచ్చి నోళ్ళు మూయించింది. అందుకే అక్కడినుంచి లేచి లిచ్‌ఫీల్డ్ వచ్చేశాం. ఇక్కడ పుట్టలు మనిషికి రెండింతలున్నాయి.

రాస్ పంతం పట్టాడు. "నాన్నకి మాటిచ్చింది అమ్మ. మొసలి కాదు, దాని తాత అడ్డం వచ్చినా సరే, పద్నాలుగున ఈదించకుండా ఇంటికి తీసుకెళ్ళను" అంటున్నాడు. వాడు అలా అంటుంటే వాడి నాన్న గొంతే వినిపిస్తుంది నాకు. సాసేజీలు వాడే బస్సులో పంపుతున్నాడు. 11న తిరిగి వస్తాం.

ఇట్లు,
ఏవిస్ పెంగెల్లీ

తా.క.: నాకు మొసళ్ళ గురించి ఏమీ తెలియదండీ. గని ఊరి విధవరాలిని నేను. డల్సీ గారు నన్ను ఎవరితోనో పొరబడి ఉంటారు. ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి, నా సంగతి ఎక్కువ మాట్లాడవద్దని కూడా చెప్పండి.

ఇంకో తా.క.: ఈ ఏడాదికి మడుగు మూసేసినా లోకం మునిగిపోదు. యాభై ఒకటో ఏడు కూడా వస్తుంది కదా. మీరు రాస్‌కి ఒక కఠినమైన ఉత్తరం రాస్తే వింటాడేమో. మీ పై అధికారుల సంతకంతో.

*

మడుగు గట్టు నుంచి,
ఆగస్టు 12.

ఏవిస్ అమ్మకి, క్లెమ్ వంద నమస్కారాలతో.

అమ్మా, సాధించాం!

9న డార్విన్ నుంచి మొసళ్ళ నిపుణుడు వచ్చాడు. పడవ వేసి మడుగు మూలమూలా వెతికాడు. దొరికినవి: తాబేళ్ళు నాలుగు, కుడికాలి చెప్పులు మూడు. మొసలి లేదు. బోనులో మాత్రం ఒకటి పడింది, ఉడుము. మీ సాసేజీలు మొత్తం తినేసి, వెల్లకిలా పడుకుని ఉంది. తలుపు తీసినా పోవడం లేదు. పొట్ట పట్టక పోవడం లేదో, ఇంకా పెడతామని ఆశో తెలియదు.

బెండ్లు చూసి ఆ నిపుణుడు ఒక్కో గాటూ కొలిచాడు. చివరికి "ఇది మొసలి పనైతే దానికి దవడ జబ్బయినా ఉండాలి, వంటయినా వచ్చి ఉండాలి" అన్నాడు. మొసళ్ళ విషయంలో ఇంకా ఎంత పరిశోధన జరగాలో చూడండి.

పెద్దాఫీసు ఒక షరతు మీద ఒప్పుకుంది. 9 నుంచి 14 వరకు మడుగుని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. కాబట్టి నేను ఇక్కడే మడత కుర్చీ వేసుకున్నాను. ఒక్క క్షణం కదలడం లేదు. తప్పనిసరి అయితే డల్సీ గారు కూర్చుంటున్నారు. బెండ్లు నున్నగా ఉన్నాయి. 14న పొద్దున పదింటికి తెరుస్తున్నాం. మొదట నీళ్ళలో దిగేది మీరే. రిబ్బను కూడా తెప్పించాను. క్యాంపులో నలభై ముగ్గురూ వస్తున్నారు. పొయ్యిలు వెలిగించుకోవచ్చని చెప్పేశాను, పెర్త్ పెద్దాయన నన్ను కౌగిలించుకున్నాడు.

మీ మాట నిలబడుతుందమ్మా. అది చూడటం కోసమే నేనీ ఉద్యోగంలో చేరాననిపిస్తోంది.

మీ,
క్లెమ్

తా.క.: మీ ఉత్తరాల సంగతి మా అమ్మకి ఫోనులో చెప్పాను. ఆవిడకి అరవై ఆరు, నీళ్ళంటే ప్రాణభయం. "ఆవిడ ఈదగలిగితే నేనూ నేర్చుకుంటాను" అని ఇవాళే ఈత క్లాసులో పేరు ఇచ్చింది.

*

తొమ్మిదో గుడారం,
ఆగస్టు 13.

క్లెమ్ గారికి,

చాలా సంతోషం.

ఏవిస్ పెంగెల్లీ

తా.క.: రేపు వాన పడే సూచన ఏమైనా ఉందా? ఇక్కడ ఆగస్టులో వాన ఎప్పుడైనా పడిందా? ఉరుములైనా?

ఇంకో తా.క.: మీరు అన్నేసి రోజులు మడత కుర్చీలో కూర్చోకూడదు నాయనా, నడుం పట్టేస్తుంది. రేపు పొద్దున ఆరున్నరకి ఒక్క పావుగంట అలా నడిచి రండి. డల్సీ గారిని కూడా తీసుకెళ్ళండి.

మరొక తా.క.: మీ అమ్మగారికి చెప్పండి, తొందరపడి పేరు ఇచ్చానని బాధపడితే తీసేయించుకోవచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు.

*

మౌంట్ ఐసా,
ఆగస్టు 19.

చిరంజీవి క్లెమ్‌కి, ఏవిస్ అనే మొసలి రాస్తున్న ఉత్తరం.

అవును నాయనా, నేనే. ఇప్పుడు ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను, చుట్టూ ఎవరూ లేరు కాబట్టి అసలు సంగతి ఉత్తరంలోనే రాస్తున్నాను, తా.క.లో కాదు.

నాకు ఈత రాదు. రెండేళ్ళూ ప్రతి గురువారం ఈత కొలనుకి వెళ్ళిన మాట నిజమే. మొదటి వారం మోకాళ్ళ దాకా దిగాను. ఆ పంతులమ్మ మొహం నీళ్ళలో పెట్టమంది. అంతే, బయటికి వచ్చేశాను. ఆ తర్వాత ప్రతి వారం అక్కడి క్యాంటీనులో టీ తాగి, కుళాయి కింద జుట్టు తడుపుకుని ఇంటికి వచ్చేదాన్ని. రాస్ నా తడి జుట్టు చూసి మురిసిపోయేవాడు. ఎలా చెప్పను వాడికి? నాన్న పోయాక వాడు నవ్వింది ఆ గురువారాల్లోనే.

మీరు మడుగు తెరుస్తామని చెప్పిన మర్నాడు తెల్లవారుతూనే, అందరూ స్నానాలకి వరుసలో నిలబడ్డప్పుడు, మాంసం తిప్పే రెండు ముళ్ళ ఫోర్కు తీసుకుని మడుగు దగ్గరికి వెళ్ళాను. తాడు పట్టుకుని బెండుని గట్టుకి లాగాను. ఎవరైనా వస్తారేమోనని రెండు పోట్లే పొడిచి వచ్చేశాను. రెండోసారి పది గాట్లు ఎందుకంటే, మీ మీద కోపం వచ్చింది. ఇంత మంచివాడు దొరికాడేమిట్రా దేవుడా అని. కడగకుండా తీసుకెళ్ళడం నా పొరపాటు. పన్నెండో తేదీ సాయంత్రం డల్సీ గారు మా గుడారానికి వచ్చి టీ తాగారు. కొక్కేనికి వేలాడుతున్న ఫోర్కు వంక చూసి "మంచి ఫోర్కు" అన్నారు. తర్వాత ఇంకో కప్పు టీ అడిగారు.

పద్నాలుగో తేదీన మీరు చూసింది వేరు, జరిగింది వేరు. మీరు రిబ్బను కత్తిరించారు, రాస్ నేను దిగకముందే ఏడుపు మొదలుపెట్టాడు, టెగన్ పెన్సిలు పట్టుకుని కూర్చుంది. నేను నీళ్ళలో దిగింది ఈదడానికి కాదు. నడుము లోతుకి వెళ్ళి, వెనక్కి తిరిగి, అందరికీ నిజం చెప్పేద్దామని. గట్టు మీద చెప్పే ధైర్యం లేకపోయింది, నీళ్ళలో ఉంటే కాస్త జాలి పడతారనుకున్నాను. నడుము లోతు వచ్చింది. నోరు పెగల్లేదు. ఇంకో అడుగు వేశాను. ఛాతీ దాకా వచ్చింది. ఇంకో అడుగు వేస్తే మునిగిపోతాననుకుని కళ్ళు మూసుకుని వేశాను.

కాలికి రాయి తగిలింది. చదునైన రాయి, పేవ్‌మెంటులా. ఇంకో అడుగు వేశాను. మళ్ళీ రాయే. నీళ్ళు మెడ దగ్గరే ఆగిపోయాయి. చేతులు వాటంతట అవే అటూ ఇటూ ఆడుతున్నాయి. మడుగు మధ్యకి వచ్చాక నాకు వెలిగింది. మా ఆల్ఫ్ ఎప్పుడూ టోపీ పెట్టుకునే ఈదేవాడు! నలభై ఎనిమిదేళ్ళు ఊరంతా చెప్పుకున్నాను, మా ఆయన ఈదితే టోపీ కూడా తడవదు, అంత నాజూకైన ఈత అని. టోపీ ఎందుకు తడుస్తుంది? ఆ మనిషి నడుస్తుంటే!

"ఓరి నీ దుంప తెగ, ఆల్ఫ్!" అని గట్టిగా అరిచాను. గట్టు మీద మీరంతా టోపీలు తీశారు. ప్రార్థన అనుకున్నారట, మెరిల్ చెప్పింది.

తప్పు నాదే క్లెమ్. పెళ్ళయిన మర్నాడు ఆయన నీళ్ళలో నాలుగు అడుగులు వేశాడో లేదో, నేను గట్టు మీద నిలబడి పైన్ క్రీక్ గని వాళ్ళందరికీ "చూడండి, మా ఆయన ఎలా ఈదుతున్నాడో!" అని కేకలు పెట్టాను. ఇంకేం చేస్తాడు పాపం? ఈదేవాడు కావలసి వచ్చింది. ఏటేటా మధ్యలో ఆగి, చెయ్యి చాచి "రా ఏవిస్, ఏం కాదు" అనేవాడు. గొప్పలు పోతున్నాడనుకునేదాన్ని. కాదు. ఒక్కసారైనా నేను దిగి ఉంటే ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచి వెళ్ళేవాళ్ళం. ఆ గుట్టు ఆయన ఒక్కడే మోశాడు, చివరిదాకా. నేను గట్టు మీద ప్యాంటు పట్టుకుని, ఎక్కడ మునిగిపోతాడోనని హడలిపోతూ కూర్చున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వెంటనే ఏడుపూ వస్తుంది.

అవతలి ఒడ్డున డల్సీ గారు కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నారు. చెయ్యి అందించి నన్ను రాయి మీదకి లాగారు. "మీ ఆయన కూడా ఈ రాయి మీదే కూచునేవాడు. చిన్నప్పుడు మా అమ్మా నేనూ పైనుంచి చూసేవాళ్ళం. మా అమ్మ అడిగేది, ఆ తెల్లాయన నీళ్ళల్లో నడుస్తా చేతులు అట్లా ఊపుతాడేంది, ఈగలు తోలుకుంటున్నాడా అని" అన్నారు. ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం. అప్పుడే మీ ఫొటో మనిషి ఫొటో తీశాడు.

తిరిగి అలాగే వచ్చాను. మీరు ఏడుస్తూ నాకు తువ్వాలు కప్పారు. ఆ తువ్వాలు కింద నేనెంత సిగ్గుపడ్డానో చెప్పలేను. మిమ్మల్ని ఎండలో ఆరు రోజులు కూర్చోబెట్టాను, పెర్త్ పెద్దాయన కడుపు పాడు చేశాను, ఒక ఉడుముకి తిండి మీద ఆశ పెంచాను. ఏ శిక్ష వేసినా ఒప్పుకుంటాను. రాస్‌కి మాత్రం నేనే చెబుతాను, నాకు కాస్త వ్యవధి ఇవ్వండి. మీ అమ్మగారికి మాత్రం నిజం వెంటనే చెప్పండి. చెప్పి, ఇది కూడా చెప్పండి: నిన్న గురువారం. క్యాంటీను వైపు వెళ్ళకుండా నేరుగా నీళ్ళలో దిగాను. మొహం ముంచాను. ముక్కులోకి నీళ్ళు పోయాయి, దగ్గాను, ఏడ్చాను, మళ్ళీ ముంచాను. పంతులమ్మ లెక్కపెట్టింది. పన్నెండు సెకన్లు తేలాను నాయనా, కాళ్ళ కింద రాయి లేకుండా.

మీ మంచితనానికి బాకీ పడ్డ,
ఏవిస్ పెంగెల్లీ

తా.క.: మాసపత్రికలో ఆ ఫొటో రాబోతోందన్న ఉత్సాహంలో రాస్ నవంబరులో జరిగే డెబ్బై దాటినవాళ్ళ ఈత పందేనికి నా పేరు ఇచ్చేశాడు. మా ఊరి కొలనులోనే, అటు కొసకీ ఇటు కొసకీ. ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను, మున్సిపాలిటీ ఈత కొలనులో మొసలి కనిపించిన సందర్భం మీ పుస్తకంలో ఎక్కడైనా ఉందా?